హుజూర్‌నగర్ గెలిపించిన మఖ్దూం సాహెబ్

మా చిలుకూరులో జుమా నమాజు ముగిశాక మస్జిదు అరుగు మీద కాసేపు కూర్చోవడం మాకు అలవాటు. పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాళ్లం కాబట్టి మాకు నాలుగక్షరాలు వచ్చని కొందరు కాగితాలు పట్టుకుని వస్తుంటారు. ఒకరి చేతిలో పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది. మరొకరి చేతిలో హజ్ దరఖాస్తు ఉంటుంది. ఇంకొకరి చేతిలో కొడుకు ఉద్యోగం కోసం సిద్ధం చేసుకున్న చదువు కాగితాలు ఉంటాయి. అందరూ అడిగేది చివరికి ఒకటే. ఈ పని హైదరాబాదులో అవుతుందా, ఢిల్లీలో అవుతుందా అని.

చిన్న ప్రశ్నే. కాని దాని వెనుక పెద్ద చరిత్ర ఉంది. కేంద్రానికి ఏ అధికారం, రాష్ట్రానికి ఏ అధికారం అన్నది పుస్తకంలో చదివితే లెక్కల పాఠంలా ఉంటుంది. ఒక మనిషి బతుకులో చూస్తే ఇట్టే అర్థమవుతుంది. అందుకే ఈ వారం మఖ్దూం మొహియుద్దీన్ సాహెబ్ జీవితం చెప్పుకుందాం. ఉర్దూ వచ్చిన ఇళ్లలో ఆయన షాయిర్‌గా తెలుసు. కాని ఆయన మన హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు ఎన్నికైన ప్రజాప్రతినిధి అన్న సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. మా చిలుకూరు ఆ రోజుల్లో నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ తాలూకాలోనే ఉండేది.

ఆయన కమ్యూనిస్టు. ఆ మార్గం నచ్చనివారు మనలో ఉన్నారు. ఆ చర్చ వేరు. ఆయన బతికిన 61 ఏళ్లలో ఈ గడ్డ మీద ప్రభుత్వం అయిదు రూపాలు మార్చింది. ప్రతి మార్పులోనూ సామాన్యుడు పోయి తట్టగల తలుపు ఒకటి మూతపడడమో, ఒకటి తెరుచుకోవడమో జరిగింది. ఆ తలుపుల కథే మనకు కావలసింది.

అందోలు కుర్రవాడు

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా అందోలులో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. తండ్రి మొహమ్మద్ గౌస్ మొహియుద్దీన్ చిరుద్యోగి. మఖ్దూం పసితనంలోనే ఆయన కన్నుమూశారు. చిన్నాన్న బషీరుద్దీన్ పెంచారు. ఆ ఇంట్లో దీన్ కట్టుబాటు గట్టిగా ఉండేది. పిల్లవాడు మస్జిదు ఊడ్చాడు, నీళ్లు తోడాడు, చదువుకున్నాడు. ఆ చిన్నాన్నే ఒకరోజు రష్యాలో రాజు పోయాడనీ, అక్కడ అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటున్నారనీ చెప్పారట. ఆ మాట ఆ అనాథ పిల్లవాడి మనసులో నాటుకుపోయింది.

1929లో హైదరాబాదు చేరి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. ట్యూషన్లు చెప్పుకుంటూ, ఏ పని దొరికితే ఆ పని చేసుకుంటూ 1936లో ఎం.ఏ. పూర్తి చేశారు. తర్వాత సిటీ కాలేజీలో ఉర్దూ అధ్యాపకుడిగా చేరారు.

ఆనాటి హైదరాబాదు ప్రభుత్వం ఎలా ఉండేదో ఒకసారి చూద్దాం. నిజాం రాజ్యానికి సొంత సిక్కా ఉంది, సొంత రైలు ఉంది, సొంత టపా ఉంది, సొంత ఫౌజు ఉంది. 16 జిల్లాల్లో నాలుగు భాషలవాళ్లు బతికేవారు. పైన చూస్తే స్వతంత్ర రాజ్యం. కాని కోఠీలో ఆంగ్లేయుల రెసిడెంటు కూర్చుని ఉండేవాడు. విదేశీ వ్యవహారాలు, రక్షణ వంటి పెద్ద విషయాలు ఆంగ్లేయుల చేతిలో ఉండేవి. మిగిలినవి నిజాం ఫర్మానాతో నడిచేవి. 1935 చట్టంలో ఆంగ్లేయులు ఒక సమాఖ్య ఆలోచన పెట్టారు. సంస్థానాలు, రాష్ట్రాలు కలిసి ఒక కేంద్రం కింద ఉండాలన్నారు. నిజాంతో సహా సంస్థానాధీశులు కలిసిరాలేదు. చట్టంలోని ఆ భాగం కాగితం మీదే మిగిలింది.

అంటే అప్పుడూ అధికారం పంచుకున్నారు. కాని పంచుకున్నది ఇద్దరు ఏలికలు. అందులో రైతుకు గాని, కూలీకి గాని, చదువుకున్న కుర్రవాడికి గాని వాటా లేదు. మఖ్దూం వయసుకొచ్చే నాటికి తట్టడానికి తలుపే లేదన్నమాట.

అజ్ఞాతంలోకి

1939లో హైదరాబాదులో చదువుకున్న యువకులు కామ్రేడ్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు. అందులో మఖ్దూం ముఖ్యుడు. ఆ తర్వాత కమ్యూనిస్టు పార్టీ నిర్మాణంలో నిలిచారు. కొద్దికాలానికే కాలేజీ ఉద్యోగం వదిలేసి కార్మికుల మధ్యకు వెళ్లిపోయారు. రైల్వే కార్మికులను, మిల్లు కార్మికులను సంఘాలుగా కట్టారు. 1944లో ఆయన తొలి కవితా సంపుటి సుర్ఖ్ సవేరా వచ్చింది. 1946లో అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ఏర్పడినప్పుడు నాయకుడు ఆయనే. అదే ఏడాది సర్కారు వేట మొదలై ఆయన అజ్ఞాతంలోకి వెళ్లారు.

ఇటు మన నల్లగొండలో పల్లెలు ఉడుకుతున్నాయి. వెట్టిచాకిరీ, దేశ్‌ముఖుల దౌర్జన్యం, బలవంతపు లెవీ ధాన్యం జనాన్ని సంఘంలోకి నడిపించాయి. మా చిలుకూరుకు చెందిన దొడ్డా నర్సయ్యగారు ఈ ప్రాంతపు పోరాట నాయకుల్లో ఒకరు. తర్వాతి కాలంలో ఆయన శాసనసభకూ వెళ్లారు. 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి గార్లతో పాటు మఖ్దూం ఒకరు. నిజాం పాలనను ముస్లింల పాలనగా, దాని మీద పోరును హిందువుల పోరుగా చూపించేవారు రెండు పక్కలా ఉన్నారు. ఆ పిలుపులో మఖ్దూం పేరు ఉండడమే వారికి జవాబు. ఆయన నిజాంనూ ఎదిరించారు, రజాకార్లనూ ఎదిరించారు.

మన ప్రాంతపు పెద్దలకు తెలిసిన ఒక విడ్డూరం ఇక్కడ చెప్పాలి. మాకు కొద్ది మైళ్ల దూరంలో ఉన్న మునగాల పరగణా నిజాం రాజ్యంలో లేదు. చుట్టూ నిజాం ఊళ్లు ఉన్నా మునగాల మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చెందినది. ఒక పొలం గట్టుకు ఇటు ఫర్మానా, అటు ఆంగ్లేయుల చట్టం. ఇటు ఉస్మానియా సిక్కా, అటు కల్దారు. ఇటు సభ పెడితే నేరం, అటు 1937 నుంచి ఎన్నికైన మంత్రివర్గం కూడా చూశారు. సంఘం కార్యకర్తలు నిజాం పోలీసుల నుంచి తప్పించుకోవడానికి ఈ సరిహద్దు ఉపయోగపడింది. ప్రభుత్వం మారితే మనిషి బతుకు ఎంత మారుతుందో చెప్పడానికి మన పక్క పరగణా కన్నా మంచి పాఠం లేదు. మునగాల నల్లగొండ జిల్లాలో కలిసింది 1959లో.

ఇల్లు లేని నాలుగేళ్లు

1947లో ఆంగ్లేయులు పోయాక నిజాం స్వతంత్రంగా ఉంటానన్నారు. ఆ నవంబరు 29న భారత ప్రభుత్వంతో ఏడాదికి యథాతథ ఒప్పందం కుదిరింది. ఏడాది నిండకముందే, 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. నాలుగైదు రోజుల్లో నిజాం లొంగిపోయారు. మేజర్ జనరల్ చౌధురి సైనిక గవర్నరు అయ్యారు. అధికారం ఒక్కసారిగా ఢిల్లీకి చేరింది.

ఆ రోజుల్లో చాలా జిల్లాల్లో, ముఖ్యంగా మరాఠ్వాడా, కర్ణాటక ప్రాంతాల్లో మన వాళ్ల మీద ఘోరమైన దాడులు జరిగాయి. ప్రధాని నెహ్రూ పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులను పంపారు. వారు ఊరూరూ తిరిగి నివేదిక ఇచ్చారు. చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని వారి అంచనా. ముస్లింల ప్రాణాలు కాపాడిన హిందూ సోదరుల గురించీ, అంతకుముందు రజాకార్లు చేసిన దుర్మార్గాల గురించీ కూడా వారు రాశారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 

పాత గాయాన్ని రేపడానికి ఈ సంగతి ఎత్తలేదు. మన విషయానికి ఇది ప్రాణం లాంటిది. 1948 నుంచి 1952 వరకు హైదరాబాదుకు ఎన్నికైన సభ లేదు. చంపినవారిని పట్టుకున్నారా అని మంత్రిని నిలదీసే సభ్యుడు లేడు. ఉద్యోగాలు పోగొట్టుకున్నవారి తరఫున ప్రశ్న వేసే సభ్యుడు లేడు. అదే కాలంలో సైన్యం సంఘం పల్లెల మీద పడితే, హుజూర్‌నగర్ తాలూకాలో నిర్బంధంలో పెట్టిన రైతుల గురించి అడిగే సభ్యుడూ లేడు. ముస్లిం వితంతువుకూ, సంఘం రైతుకూ ఒకే కష్టం వచ్చింది. వాళ్ల కష్టం వినే ఇల్లు వాళ్లున్న రాజ్యంలో లేదు. ఉన్నదల్లా వెయ్యి మైళ్ల దూరాన ఢిల్లీ.

భారత రాజ్యాంగ సభలోనూ హైదరాబాదు ప్రతినిధులు కూర్చోలేదు. 1949 నవంబరు 23న నిజాం ఒక ఫర్మానాతో ఆ రాజ్యాంగాన్ని అంగీకరించారు. కోటిన్నర పైగా జనం రాజ్యాంగంలోకి వచ్చింది ఒక సంతకంతో. ఆ రోజుల్లో మఖ్దూం ఇంకా అజ్ఞాతంలోనే ఉన్నారు. ఆయనను వేటాడే సర్కారు పేరు మారింది, వేట మారలేదు. 1951లో పట్టుబడి జైలుకు వెళ్లారు. ఆ ఏడాది అక్టోబరులో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది.

మూడు జాబితాలు, ఒక అదనపు తాళం

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం అధికారాలను మూడు జాబితాలుగా పంచింది. అప్పటి లెక్క ప్రకారం కేంద్రానికి 97 అంశాలు, రాష్ట్రాలకు 66, ఇద్దరికీ ఉమ్మడిగా 47. సైన్యం, విదేశాంగం, రైల్వే, టపా, నాణెం కేంద్రానికి వెళ్లాయి. భూమి, పోలీసు, శాంతిభద్రతలు, స్థానిక సంస్థలు రాష్ట్రానికి దక్కాయి. కార్మిక సంఘాలు, ధర్మాదాయాలు, వివాహం, వారసత్వం ఉమ్మడి జాబితాలో చేరాయి. ఉమ్మడి అంశం మీద పార్లమెంటు చట్టం, రాష్ట్ర చట్టం ఢీకొంటే సాధారణంగా పార్లమెంటు చట్టానిదే పైచేయి.

మఖ్దూం నడిపిన సంఘాల మీద దీని ప్రభావం చూడండి. నిజాం రైల్వే కార్మికుడి మొర నిన్నటిదాకా హైదరాబాదులో వినిపించాలి. ఇప్పుడు ఆ రైలు ఢిల్లీ సొత్తు. పొలంలో కౌలుదారు మొర మాత్రం హైదరాబాదులోనే తేలాలి.

అయితే హైదరాబాదుకు మిగతా రాష్ట్రాలతో సమానమైన హోదా రాలేదు. పాత సంస్థానాలను రెండో తరగతి రాష్ట్రాలుగా పెట్టారు. వాటిని బి భాగం రాష్ట్రాలు అనేవారు. నిజాం రాజప్రముఖ్ అయ్యారు. వెల్లోడి అనే ఐ.సి.ఎస్. అధికారిని ఢిల్లీ ముఖ్యమంత్రిగా నియమించింది. రాజ్యాంగం 371వ అధికరణంలో అప్పట్లో ఒక నిబంధన ఉండేది. పదేళ్ల పాటు ఈ రాష్ట్రాలు రాష్ట్రపతి సాధారణ అదుపులో ఉండాలి, ఆయన ఇచ్చే ఆదేశాలు పాటించాలి. రాష్ట్రం చేతికి తాళంచెవి ఇచ్చి, పైన ఇంకో తాళం వేసినట్టు.

హుజూర్‌నగర్ ఓటు

1952లో తొలి ఎన్నికలు వచ్చాయి. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండడంతో వారు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. 175 స్థానాల సభలో కాంగ్రెసుకు 93, ఫ్రంట్‌కు 42 వచ్చాయి. బూర్గుల రామకృష్ణారావుగారు మార్చి 6న తొలి ఎన్నికైన ముఖ్యమంత్రి అయ్యారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డిగారికి నెహ్రూగారికన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి.

మఖ్దూం మాత్రం హైదరాబాదు నగరంలో గెలవలేదు. ఆయన ముషాయిరాలకు జనం విరగబడేవారు. ఆయన గజళ్లు నోటికి వచ్చిన ఊరు అది. ఓటు దగ్గర ఆ ఊరు ఆయనను కాదంది. ఆ తర్వాత ఉపఎన్నికలో ఆయనను గెలిపించి శాసనసభకు పంపింది హుజూర్‌నగర్. ఇక్కడి ఓటర్లలో ఉర్దూ మాట్లాడేవారు కొద్దిమందే. షాయిరీ తెలిసినవారు ఇంకా తక్కువ. తెలుగు మాట్లాడే రైతులు, కౌలుదారులు, కూలీలు ఒక ముస్లిం షాయిర్‌ను తమ మనిషిగా ఎంచుకున్నారు. నాలుగేళ్ల కిందటి గాయాలు పచ్చిగా ఉన్న రోజులవి. ఈ మాట మన పిల్లలకు తప్పక చెప్పాలి.

వారు ఆయనను ఢిల్లీకి పంపలేదు, హైదరాబాదుకు పంపారు. దానికీ అర్థం ఉంది. వారి కష్టం భూమి. భూమి రాష్ట్ర జాబితాలో ఉంది. 1949లో జాగీర్ల రద్దు సైనిక గవర్నరు కాలంలో వచ్చింది. 1950లో కౌలుదారీ చట్టం నియమిత ప్రభుత్వం కాలంలో వచ్చింది. రెండూ మంచి పనులే, కాని రెండూ పైనుంచి దిగివచ్చినవి. ఆ కౌలు చట్టాన్ని 1954లో ఎన్నికైన సభ సవరించింది. రక్షిత కౌలుదారుకు భూమి మీద యాజమాన్యం ఇచ్చే 38-ఇ అనే సెక్షన్ ఆ సవరణతో వచ్చింది. ఆ హక్కు కౌలుదారులందరికీ చేరడానికి మళ్లీ చాలా ఏళ్లు పట్టింది. అయినా ఆ మాట మొదట చట్టంలోకి ఎక్కింది మన ఓట్లతో కూర్చున్న సభలో.

ఇక్కడా ఢిల్లీ తాళం ఒకటి ఉంది. ఆస్తిని తీసుకునే రాష్ట్ర చట్టానికి అప్పట్లో రాష్ట్రపతి ఆమోదం తప్పనిసరి. అలాగని ఢిల్లీ ఎప్పుడూ అడ్డమే అనుకోకూడదు. జమీందార్లు, జాగీర్దార్లు కోర్టులకెక్కి భూసంస్కరణలను పడగొట్టకుండా 1951లో పార్లమెంటు రాజ్యాంగానికి తొమ్మిదో షెడ్యూలు చేర్చింది. హైదరాబాదు జాగీర్ల రద్దు శాసనం ఆ నీడలోకి చేరింది. చట్టం చేసేది రాష్ట్రమైతే, దానికి కంచె కట్టింది కేంద్రం. ఇద్దరూ ఒకవైపు లాగితే పేదవాడికి మేలు జరుగుతుందనడానికి ఇదొక సాక్ష్యం.

రాష్ట్రం ఎవరిది?

1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక ఇచ్చింది. ఫజల్ అలీ సాహెబ్ దానికి అధ్యక్షులు. తెలంగాణను కొంతకాలం హైదరాబాదు రాష్ట్రంగా విడిగా ఉంచాలనీ, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత సభలో మూడింట రెండు వంతుల మంది కోరితే ఆంధ్రతో కలపాలనీ వారు చెప్పారు. మఖ్దూం పార్టీ విశాలాంధ్ర కోరింది. ఆ డిసెంబరులో హైదరాబాదు శాసనసభలో అభిప్రాయాలు తీసుకుంటే, మాట్లాడిన 147 మందిలో 103 మంది విశాలాంధ్ర వైపు, 29 మంది విడి తెలంగాణ వైపు ఉన్నారని లెక్క వచ్చింది. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. బి భాగం హోదా, రాజప్రముఖ్ పదవి, రాష్ట్రపతి అదుపు నిబంధన అన్నీ ఆ మార్పుతో పోయాయి. హైదరాబాదుకు మిగతా రాష్ట్రాలతో సమానమైన వాటా దక్కింది. అదే రోజు హైదరాబాదు రాష్ట్రం అన్నది లేకుండా పోయింది.

ఈ దేశంలో రాష్ట్రాలను కలిపే, విడదీసే అధికారం మూడో అధికరణం కింద పార్లమెంటుదే. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, అంతే. ఆ అభిప్రాయానికి కట్టుబడాలన్న నియమం లేదు. 1956లో సభ మాట, పార్లమెంటు మాట ఒకటయ్యాయి కాబట్టి ఈ తేడా కనబడలేదు. 2014లో కనబడింది. జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. జూన్ 2న తెలంగాణ వచ్చింది. ఇది నచ్చినవారికీ నచ్చనివారికీ నియమం ఒక్కటే. మన సూర్యాపేట జిల్లా సంగతి వేరు. 2016 అక్టోబరులో రాష్ట్రమే కొత్త జిల్లాలు చేసుకుంది. జిల్లా గీయడం రాష్ట్రం చేతిలో ఉంది, రాష్ట్రం గీయడం ఢిల్లీ చేతిలో ఉంది.

చివరి పదేళ్లు

1958లో ఆంధ్రప్రదేశ్‌కు శాసనమండలి వచ్చింది. మఖ్దూం అందులో సభ్యుడై, తన పక్షానికి నాయకత్వం వహించారు. రాజకీయం ఎంత పెరిగినా కవిత్వం ఆగలేదు. 1961లో గుల్-ఎ-తర్, 1966లో బిసాత్-ఎ-రఖ్స్ వచ్చాయి. ఆ రెండో సంపుటికి సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఆయన మండలిలో ఉండగానే 1959 జూలై 31న కేరళలో ఆయన పార్టీ ప్రభుత్వాన్ని కేంద్రం రద్దు చేసింది. సభలో బలం ఉన్న ప్రభుత్వాన్ని 356వ అధికరణంతో తీసేశారు. జనం తెరిచిన తలుపును పైనుంచి మూసేయవచ్చని దేశం అప్పుడు గట్టిగా తెలుసుకుంది. అదే దెబ్బ 1984 ఆగస్టులో మన రాష్ట్రం మీదే పడింది. గవర్నరు ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వాన్ని తొలగించారు. జనం వీధుల్లోకి వచ్చారు. నెల రోజుల్లో ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1994లో బొమ్మయ్ కేసులో సుప్రీంకోర్టు బలపరీక్ష జరగవలసింది సభలోనేననీ, 356 ప్రయోగాన్ని కోర్టు పరిశీలించవచ్చనీ తీర్పిచ్చాక ఆ దూకుడు తగ్గింది.

1969లో మఖ్దూం కళ్ల ముందే తెలంగాణ మళ్లీ మండింది. ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణ అన్నది గొడవకు మూలం. ఉద్యోగానికి నివాస నిబంధన పెట్టే అధికారం రాష్ట్ర శాసనసభకు లేదు, పార్లమెంటుకే ఉంది. పార్లమెంటు 1957లో చేసిన ఆ చట్టాన్ని కూడా తెలంగాణ విషయంలో 1969 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆయన పార్టీ సమైక్య రాష్ట్రం వైపే నిలిచింది. వీధుల్లో ఉన్న కుర్రవాళ్ల ఆవేశం వేరుగా ఉంది. ఆ చిక్కు విడకముందే ఆగస్టు 25న మఖ్దూం ఢిల్లీలో కన్నుమూశారు. ఆయన జనాజా హైదరాబాదుకు వచ్చింది. హిమాయత్‌నగర్‌లో ఆయన పార్టీ భవనానికి ఆయన పేరే ఉంది. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది. హుజూర్‌నగర్ తాలూకాకు ఆయన ప్రతినిధిగా ఉన్న సంగతి మాత్రం మరుగున పడింది.

అరుగు మీది కాగితాలు

ఇప్పుడు మళ్లీ మా మస్జిదు అరుగు దగ్గరికి వద్దాం. పాసుపుస్తకం పట్టుకొచ్చిన రైతుకు మేము చెప్పేది ఇది. భూమి రాష్ట్రానిది. 2020లో వచ్చిన హక్కుల చట్టాన్ని తీసేసి భూభారతి చట్టం చేసింది కూడా రాష్ట్ర శాసనసభే. కాబట్టి ముందు తహసీల్దారు, ఆపైన మన ఎమ్మెల్యే. హజ్ దరఖాస్తు తెచ్చినవారికి చెప్పేది ఇంకోటి. హజ్ కమిటీ చట్టం 2002లో పార్లమెంటు చేసింది, దరఖాస్తుదారులను చూసుకునేది రాష్ట్ర కమిటీ. వక్ఫ్ భూమి గురించి అడిగేవారికీ ఇదే తీరు. చట్టం పార్లమెంటుది, 1954లో చేసి, 1995లో కొత్తగా రాసి, 2025లో మార్చింది. బోర్డును ఏర్పాటు చేసేది మాత్రం రాష్ట్రం. అంటే వక్ఫ్ గురించి ఎంపీనీ అడగాలి, ఎమ్మెల్యేనూ అడగాలి. కొడుకు ఉద్యోగానికి స్థానికత కావలసిన తండ్రికి చెప్పేది మరొకటి. అతను ఏ జిల్లా స్థానికుడో తేల్చేది 371-డి అధికరణం కింద రాష్ట్రపతి ఇచ్చిన 2018 ఉత్తర్వు. ఉద్యోగం ఇచ్చేది రాష్ట్రం, స్థానికతకు గీత గీసింది ఢిల్లీ సంతకం. 1969 మంటలకు దొరికిన మందు అది.

ఎవరిని అడగాలో తెలియనివాడిని ఒకరు ఇంకొకరి మీదికి తోస్తారు. రాష్ట్రం వాళ్లు కేంద్రం ఇవ్వలేదంటారు, కేంద్రం వాళ్లు రాష్ట్రం ఖర్చు పెట్టలేదంటారు. మధ్యలో మన కాగితం చెదలు పడుతుంది. తెలిసినవాడిని అలా తోయలేరు. మన పిల్లలకు ఖురాన్ పాఠంతో పాటు ఈ మూడు జాబితాల పాఠం కూడా చెప్పాలని మేము అనుకుంటున్నాం.

1948లో మన పెద్దలకు తట్టడానికి తలుపు లేదు. 1952లో హుజూర్‌నగర్ రైతులు తమ ఓటుతో ఒక తలుపు తెరిచి, అందులోంచి ఒక ముస్లిం షాయిర్‌ను లోపలికి పంపారు. ఆ తలుపు ఇప్పటికీ ఉంది. ఓటర్ల జాబితాలో మన ఇంటివాళ్ల పేర్లు ఉన్నాయో లేదో వచ్చే జుమాకు ముందే ఒకసారి చూసుకుందాం.